పర్లాకిమిడి కొండల్లో చేతి దిక్సూచి: కాలిబాటల ప్రాజెక్టు డైరీ

కార్తీకం: పని మొదలు

ఈ చలికాలం చేయాలనుకున్న పని ఇది. ఒడిశాలో పర్లాకిమిడి దగ్గరున్న మహేంద్రగిరి కొండ కింద ఒక సవర గిరిజనుల పల్లె నుంచి పై గట్టు దాకా వెళ్లే కాలిబాటల్ని చేతి దిక్సూచితో, అడుగుల లెక్కతో కొలిచి కాగితం మీద గీయాలి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 మ్యాపు మా దగ్గర ఉంది. పాత వరుసలో పర్లాకిమిడి ఊరు 74బి/1 షీటులోకి వస్తుంది, మహేంద్రగిరి పక్కనే 74బి/5లోకి. కొండ ఆకారం, వాగులు, ఎత్తు గీతలు దాంట్లో చక్కగా ఉంటాయి, కానీ ఆ స్కేలులో ఒక సెంటీమీటరు అంటే అర కిలోమీటరు, కట్టెలకి వెళ్లేవాళ్లు నడిచే బాటలు అందులో ఇమడవు. మేం గీసేది 1:10,000, సెంటీమీటరుకి 100 మీటర్లు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని ఇంట్లో అడిగారు. 1501 మీటర్ల కొండ మీద పుష్యమాసం పొగమంచులో సిగ్నల్ పోయి, చలికి బ్యాటరీ పడిపోయినప్పుడు చేతిలో ఏముంటుంది అన్నదే నా ఆలోచన. శివరాత్రికి ఈ కొండ ఎక్కేవాళ్లు చాలామంది, మన వైపు నుంచి వెళ్లేవాళ్లూ తక్కువేం కాదు. జనం ఉన్న దారి తప్పి ఒక్కసారి పక్క లోయలోకి దిగితే ఏ పల్లెలో తేలతామో చెప్పలేం. ఒక కాగితం, ఒక దిక్సూచి, వాటిని వాడటం వచ్చిన మనిషి ఒకరు గుంపులో ఉంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

నాతో మా మేనల్లుడు వస్తున్నాడు. కాలేజీలో ఎన్‌సీసీ చేశాడు, అక్కడ మ్యాప్ రీడింగ్ కొంత నేర్పారట. పల్లెలో ఒక తాత మాకు దారి చూపిస్తానన్నాడు.

సామాన్లు

పారదర్శకమైన ప్లాస్టిక్ పలక మీద తిరిగే డబ్బీ ఉన్న రకం దిక్సూచి నాది. డబ్బీలో నూనె లాంటి ద్రవం, అందులో సూది. ఈ ద్రవం లేకపోతే సూది ఊగుతూనే ఉంటుంది, చేతిలో పట్టుకుని కొలవడం కష్టం. ఫిన్లాండ్‌కి చెందిన తువోమాస్ వోలొనెన్ 1930ల్లో ద్రవం నింపిన దిక్సూచిని తయారు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకుని 1936లో సూంతో కంపెనీ పెట్టాడు. స్వీడన్‌లో సిల్వా వాళ్లు దాదాపు అదే కాలంలో ఈ పలక రకాన్ని తెచ్చారు. మ్యాపు మీద పెట్టి కోణం నేరుగా తీసుకోవచ్చు, వేరే ప్రొట్రాక్టర్ అక్కర్లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే సరైనదని నా అభిప్రాయం. మేనల్లుడు తెలిసినవాళ్ల దగ్గర ఒక ప్రిస్మాటిక్ కంపాస్ అడిగి తెచ్చాడు, దూరంగా ఉన్న గుడి శిఖరాన్నో బండనో గురి చూసి కొలవడానికి అది బాగుంటుంది. వాడి స్నేహితుడి దగ్గర ఉన్న ఇంకో చిన్న పలక దిక్సూచి కూడా వచ్చింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

కొనేటప్పుడు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. భూమి అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా ఉండవు, మన వైపు సూది ఉత్తరపు కొనని కిందికి లాగుతాయి. తిరునెల్వేలి దగ్గర ఆ వాలు దాదాపు సున్నా, మన పర్లాకిమిడికి వచ్చేసరికి 20 డిగ్రీలు దాటుతుంది, స్వీడన్, ఫిన్లాండ్‌లలో 70 దాటిపోతుంది. అక్కడివాళ్ల కోసం చేసిన సూదికి దక్షిణం కొన వైపు ఆ లాగుడుకి సరిపడా బరువు ఉంచుతారు. అదే సూదిని ఇక్కడికి తెస్తే లాగుడు తక్కువ, బరువు ఎక్కువ, కాబట్టి దక్షిణం కొన కిందికి వాలి డబ్బీ అడుగున ఒరుసుకుంటుంది. చూడటానికి బాగానే ఉంటుంది కానీ తిరగాల్సినంత తిరగదు. కొనే ముందు ఏ ప్రాంతానికి బ్యాలెన్స్ చేశారో చూడండి, లేదా ప్రపంచమంతా పనిచేసే గ్లోబల్ సూది ఉన్నది తీసుకోండి. చేతిలోకి వచ్చాక బల్ల మీద పెట్టి కంటికి సమంగా పక్క నుంచి చూస్తే సూది సమంగా తేలుతోందో, వాలిందో తెలిసిపోతుంది.

ఇంకో పరీక్ష: దిక్సూచిని కదలకుండా పెట్టి, చాకుని దగ్గరికి తెచ్చి సూదిని పక్కకి లాగి, చాకుని దూరంగా తీసేయాలి. సూది మళ్లీ మొదటి అంకె దగ్గరే ఆగాలి. ఎడమ నుంచి లాగినా కుడి నుంచి లాగినా అదే అంకె రావాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే లోపల సూది నిలబడే మొన అరిగినట్టే.

ఇంటి దగ్గర పరీక్షలు

డాబా మీద మొదలుపెడదామనుకుంటే అక్కడ స్లాబులో ఇనుప ఊచలు ఉంటాయి కదా, ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లేసరికి సూది అంకె మారిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు డాబా మీద చూసి "నా కంపాస్ పాడైపోయింది" అనుకునే అవకాశం చాలా ఉంది. ఊరి బయట కళ్లంలోకి వెళ్లి, చెక్క పీట మీద దిక్సూచి పెట్టి, రోజూ మనతో కొండకి వచ్చే సామాన్లన్నీ ఒక్కొక్కటే తూర్పు వైపు నుంచి దగ్గరికి జరుపుతూ చూశాం. ఉత్తరం వైపు నుంచి తెస్తే సూది ఉన్న గీత మీదే లాగుడు పడుతుంది, తేడా కనపడదు. తూర్పు నుంచో పడమర నుంచో తెస్తే వెంటనే పక్కకి జరుగుతుంది.

ఫోన్ జానెడు దూరంలో ఉంటే సూది బాగా పక్కకి పోతుంది. ఇయర్‌బడ్స్ డబ్బీ చూడటానికి చిన్నదే కానీ దాని మూతలో అయస్కాంతం ఉంటుంది, అది ఫోన్‌కంటే ఎక్కువ లాగింది. ఫోన్ కవరు మూసుకోవడానికి పెట్టే అయస్కాంతం, వెనక అతుక్కునే అయస్కాంతం ఉన్న టార్చి లైటు, ఇనుప ఊచల గొడుగు, కొడవలి, మేనల్లుడి చేతి కడియం అన్నీ ఎంతో కొంత లాగాయి. స్టీలు నీళ్ల సీసాలు కొన్ని లాగుతాయి, కొన్ని లాగవు, మీది ఏదో మీరే చూసుకోవాలి. గొడుగు సంగతి ముఖ్యం, మన వైపు పెద్దవాళ్లు కొండకి వెళ్లినా గొడుగు చంకలో పెట్టుకునే వెళతారు.

"మావయ్యా, మరి ఇవన్నీ వదిలేసి ఎలాగెళ్తాం?" అన్నాడు వాడు. వదలక్కర్లేదు. ఫోన్, బడ్స్ బ్యాగులో వెనక ఉంటాయి, గొడుగూ కొడవలీ పక్కవాడు పట్టుకుని నాలుగడుగులు అవతల నిలబడతాడు, కడియం లేని చేత్తో కొలుస్తాం. పెద్ద వస్తువులకి సైన్యం మాన్యువళ్లలో రాసే దూరాలు గుర్తుంచుకోదగ్గవి: హైటెన్షన్ కరెంటు తీగలకి 55 మీటర్లు, లారీకి 18 మీటర్లు, ముళ్ల కంచెకి 10 మీటర్లు. బండి ట్యాంకు మీద దిక్సూచి పెట్టి చూసే అలవాటు కొందరికి ఉంది, దాని వల్ల ఏ ఉపయోగమూ లేదు.

మార్గశిరం: ఉత్తరం ఎటు

ఇంటర్నెట్‌లో ఉన్న వీడియోలు ఎక్కువగా అమెరికా, ఇంగ్లండ్ వాళ్లవి, సగం సమయం సూది చూపే అయస్కాంత ఉత్తరానికీ, భూమి ఉత్తర ధ్రువం వైపు ఉండే అసలు ఉత్తరానికీ ఉన్న తేడా దిద్దడం గురించే. అమెరికాలో కొన్ని చోట్ల ఆ తేడా 15 డిగ్రీలు కూడా ఉంటుంది, దిద్దకపోతే పని జరగదు. మన దగ్గర అది సుమారు ఒక డిగ్రీ లోపే, పడమర వైపుకి. ఇంకో మంచి సంగతి కూడా ఉంది, లెక్క వేసి చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. కొత్త షీట్ల మీద ఉండే యూటీఎం (భూమిని జోన్లు అనే నిలువు పట్టీలుగా విడగొట్టి గీసే పద్ధతి) చదరపు గీతలు కూడా అసలు ఉత్తరానికి కచ్చితంగా ఉండవు. పర్లాకిమిడి 84 డిగ్రీల రేఖాంశం దాటి కొంచెం తూర్పున ఉంది, అంటే 45వ జోన్ పడమటి అంచు. ఆ జోన్ నడి గీత 87 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మన దగ్గర చదరపు నిలువు గీత అసలు ఉత్తరం నుంచి దాదాపు ఒక డిగ్రీ పడమరకి వాలి ఉంటుంది. సూదీ పడమరకే, గీతా పడమరకే. రెండూ దాదాపు కలిసిపోతాయి. చదరపు గీతల మీద డబ్బీ గీతలు కలిపి కోణం తీసుకుంటే ఇక్కడ దిద్దుబాటు అవసరమే లేదు. షీటు అంచు మాత్రం అసలు ఉత్తరం చూపిస్తుంది, అంచుతో కలిపితే ఒక డిగ్రీ మేర తేడా వస్తుంది. 2 డిగ్రీలకో గీత ఉన్న చేతి దిక్సూచికి అది పెద్ద విషయం కాదు.

ఒక డిగ్రీ తప్పితే కిలోమీటరుకి 17 మీటర్లు పక్కకి పోతాం. 5 డిగ్రీలు తప్పితే 87 మీటర్లు. గొడుగూ ఫోనూ కలిసి చేసే తప్పు ఇంతకంటే ఎక్కువ ఉండొచ్చు. అందుకే నా దృష్టిలో మన జిల్లాలో దిక్సూచి వాడేవాడు భయపడాల్సింది దిద్దుబాటు లెక్కకి కాదు, జేబులో ఉన్న సామానుకి.

సూది నిజం చెబుతోందో లేదో ఆకాశంతో సరిచూశాం. సాయంత్రం చీకటి పడ్డాక శర్మిష్ఠ నక్షత్రాల ఆకారం ఉత్తరం వైపు పైన కనిపిస్తుంది, దాన్ని బట్టి ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోవచ్చు. సప్తర్షి మండలం కోసమైతే ఈ నెలలో తెల్లవారుజాము దాకా ఆగాలి. మన దగ్గర ధ్రువుడు నేల నుంచి 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ల ఎత్తు, కాబట్టి ఉత్తరం వైపు కొండ అడ్డం లేని చోటు చూసుకోవాలి. పగలైతే ఒక కర్ర నిలువుగా పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు గీత గీయాలి. ఇక్కడ ఈ నెలలో అది గడియారం 12 కొట్టాక కాదు, 11:45, 11:55 మధ్య వస్తుంది. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి తూర్పున ఉన్నాం. ఎండాకాలంలో ఈ నీడ పద్ధతి పెట్టుకోకండి, మే మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి నడినెత్తినో, కొంచెం ఉత్తరానో ఉంటాడు, నీడ బొత్తిగా చిన్నదైపోయి తిరగబడుతుంది.

ఇలా చూస్తున్నప్పుడే ఆ మూడో దిక్సూచి బండారం బయటపడింది. ఎర్ర కొన నేరుగా దక్షిణం చూపిస్తోంది. స్నేహితుడు దాన్ని బ్లూటూత్ స్పీకరుతో పాటు ఒకే సంచిలో ఉంచేవాడట. బలమైన అయస్కాంతం పక్కన ఉంటే సూది ధ్రువాలు మారిపోతాయి. పూర్తిగా తిరగబడితే సూర్యుణ్ణి చూసి పట్టుకోవచ్చు, పొగమంచులో పట్టుకోలేం. ఇంకా ప్రమాదం ఏమిటంటే సగం బలహీనపడిన సూది, అది మెల్లగా తిరిగి ఎక్కడో ఆగి నమ్మకంగా తప్పు చెబుతుంది. బాగుచేసే పద్ధతి ఇది: మంచి దిక్సూచి ఎర్ర కొనని లాక్కునే అయస్కాంతం ముఖం ఏదో గుర్తు పెట్టుకోవాలి, ఆ ముఖాన్ని పాడైన డబ్బీ మధ్య నుంచి ఎర్ర కొన వైపుకి సూది తిరిగిపోకముందే గబుక్కున లాగి, అంచు దాటించి దూరంగా తీసేయాలి. కొన్ని లాగుళ్లకి అది దారికి వచ్చింది. అయినా దాన్ని నేర్చుకునే పిల్లలకే ఇచ్చాం, కొండకి తీసుకెళ్లలేదు.

మైదానంలో నడక

మహేంద్రతనయ నది ఒడ్డున, కోత అయిపోయిన పొలాల్లో అడుగుల లెక్క స్థిరపరచుకున్నాం. ఎడమ కాలు పడినప్పుడల్లా ఒకటి లెక్క. చాలామందికి చదును నేల మీద 100 మీటర్లకి 60 నుంచి 70 మధ్య వస్తుంది. ఎక్కుడులో ఈ లెక్క బాగా పెరుగుతుంది, దిగుడులో కూడా మారుతుంది, ఎవరికి వాళ్లు వాలు మీద వేరేగా కొలుచుకోవాలి. నూరు మీటర్లు అయినప్పుడల్లా ఒక గులకరాయి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి.

దిక్సూచి పట్టుకునే తీరు చెబితే ఇంతే: ఛాతీకి దగ్గరగా, సమంగా, పలక మీది బాణం ముందుకి, మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పాలి. డబ్బీలోని బాణంలోకి ఎర్ర కొన వచ్చి కూర్చున్నాక తలెత్తి ఎదురుగా ఒక చెట్టునో బండనో గుర్తు పెట్టుకుని, దిక్సూచి దించేసి దాని దగ్గరికి నడవాలి. సూదినే చూస్తూ నడిస్తే తిన్నగా పోలేం.

1900లో వేసిన నౌపడా రైలు లైను, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది, అది మాకు రెండు రకాలుగా పనికొచ్చింది. పట్టాల దగ్గర సూది ఎంత దూరం దాకా చెదురుతుందో చూపించడానికి ఒకటి. గమ్యం వైపు కావాలని పక్కకి గురి పెట్టి నడవడం నేర్చుకోవడానికి ఇంకొకటి. పొలాల మీదుగా నేరుగా స్టేషన్‌కి గురిపెట్టి నడిచి పట్టాల దగ్గర తేలితే స్టేషన్ కుడి వైపు ఉందా ఎడమ వైపు ఉందా తెలియదు. ముందే 5, 6 డిగ్రీలు ఎడమకి గురి పెడితే, పట్టాలు తగలగానే అనుమానం లేకుండా కుడికి తిరగడమే. కొండల్లో వాగుని చేరడానికీ ఇదే పద్ధతి.

పుష్యం: కొండ మీద

పొగమంచు మేం కోరుకున్నంత వచ్చింది. పది బారల అవతల ఏమీ కనపడని చోట గుర్తు పెట్టుకోవడానికి చెట్టు కూడా ఉండదు కాబట్టి మేనల్లుణ్ణి కనపడేంత దూరం ముందుకి పంపి, "కుడికి రా, ఇంకొంచెం, ఆగు" అని బాణం గీత మీద నిలబెట్టి, నేను వాడి దగ్గరికి చేరి, మళ్లీ వాణ్ణి పంపడం. నిదానంగా సాగుతుంది, కానీ గీత తప్పదు. అడ్డంగా బండ వస్తే 90 డిగ్రీలు పక్కకి లెక్కగా నడిచి, ముందుకి నడిచి, మళ్లీ అంతే లెక్క వెనక్కి వచ్చి పాత గీత మీద చేరడం.

"సూదిని సూసుకుంటా ఏటి బాబూ, వాగు సప్పుడు ఇనపడతాది కదా" అన్నాడు తాత. ఆయన మాట నిజమే, ఆయనకి వాగు చప్పుడే చాలు. ఆయన చెప్పే మలుపుల్ని, బండల్ని, ఊటల్ని కాగితం మీదకి ఎక్కించడమే మా పని. వాటి పేర్లు ఆయన సవరలో ఎలా అంటే అలాగే తెలుగు అక్షరాల్లో రాసుకున్నాం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని నిఘంటువు చేసిన ఊరు ఇది, ఆ పేర్లని మనకి తోచినట్టు మార్చి రాయడం నాకు ఇష్టం లేదు.

కొండ రాయి గురించి జాగ్రత్త పడాల్సి వచ్చింది. తూర్పు కనుమల్లో ఖొండలైటు, చార్నొకైటు రాళ్లు ఎక్కువ, చార్నొకైటులో అయస్కాంత ఖనిజం మాగ్నటైటు కొంత ఉండొచ్చు. ఎక్కడ లాగుతుందో ఎక్కడ లాగదో కంటికి తెలియదు, వెనక్కి కొలిస్తేనే తెలుస్తుంది. ఒక చోటు నుంచి ఎదురు బండకి 40 డిగ్రీలు వస్తే, ఆ బండ దగ్గరికి వెళ్లి వెనక్కి చూస్తే 220 రావాలి. వస్తే ఆ రెండు చోట్లూ నమ్మదగ్గవే. ఒక పెద్ద నల్ల బండ మీద నిలబడి కొలిస్తే 7 డిగ్రీల తేడా వచ్చింది, కిందికి దిగి పక్కన మట్టి నేల మీద కొలిస్తే తేడా మాయమైంది. అప్పటి నుంచి ప్రతి గీతనీ రెండు వైపుల నుంచీ కొలుస్తున్నాం, పని రెట్టింపు అయింది, కాగితం మీద మాత్రం బాటలు తిన్నగా వచ్చి కలుస్తున్నాయి. పొగమంచు విడిచినప్పుడు గుడి శిఖరం, ఇంకో రెండు కొండ కొనలు గురి చూసి వెనక్కి గీతలు గీస్తే మూడూ ఒక చిన్న త్రిభుజంలో కలిశాయి, మేం ఉన్నది అందులోనే. మూడు గుర్తులూ ఒకే వైపు కాకుండా బాగా ఎడంగా ఉండాలి.

పైకి వెళ్లాక డబ్బీలో చిన్న బుడగ కనిపించి మేనల్లుడు కంగారుపడ్డాడు. ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గి, చలికి ద్రవం కుంచించుకుని ఇలా వస్తుంది, కందిగింజంత ఉండి సూదికి అడ్డం రాకపోతే భయం లేదు, కిందికి దిగేసరికి పోయింది. పోకుండా రోజు రోజుకీ పెరుగుతుంటే ద్రవం కారుతోందని అర్థం, ఆ దిక్సూచిని మార్చాల్సిందే.

మాఘం దాటాక: కాగితం, జాగ్రత్తలు

శివరాత్రికి ముందే తూర్పు వైపు బాటలు పూర్తయ్యాయి. పల్లెలో తాతకీ, ఇంకొందరికీ చూపిస్తే ఒక ఊట తప్పు వైపు పెట్టామని ఆయన వేలితో చూపించాడు, సరిచేశాం. పడమటి వాలు మిగిలింది, గడ్డి ఎండి నిప్పు అంటుకునే రోజుల్లో అక్కడికి పోవద్దని పల్లెవాళ్లే చెప్పారు, వానలు తగ్గాకే.

ఈలోపు ఎండలు మొదలయ్యాయి, ఇప్పుడు దిక్సూచికి కష్టకాలం. కారు డ్యాష్‌బోర్డు మీదో, బండి సీటు కింద డిక్కీలోనో మధ్యాహ్నం వదిలేస్తే ద్రవం వేడికి వ్యాకోచించి డబ్బీ పగలొచ్చు. దోమల మందు రాసుకున్న చేత్తో పలకని పట్టుకోవద్దు, డీట్ ఉన్న మందులు ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి, అంకెల్ని చెరిపేస్తాయి. కొండ దోమలకి ఆ మందు అవసరమే, రాసుకున్నాక చేతులు కడుక్కుని దిక్సూచి తీయాలి. మట్టి పట్టిన దాన్ని మామూలు నీళ్లతో, కొంచెం సబ్బు నురగతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు, స్పిరిట్, థిన్నర్, పెట్రోలు వద్దు. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి సూది పైకప్పుకి అతుక్కున్నట్టు ఆగిపోతుంది, తడి వేలితో అద్దం మీద ఒకసారి తుడిస్తే వదులుతుంది.

ఇంట్లో ఇనుప బీరువాలో పెట్టం. టీవీ స్పీకర్లకి దూరంగా గూట్లో, గుడ్డ సంచిలో ఉంటుంది. రెండు దిక్సూచులు ఒకే సంచిలో పెట్టం, ఒకదాని సూది ఇంకోదాన్ని లాగుతుంది. కొండకి బయలుదేరే ముందు రోజు కళ్లంలో చాకు పరీక్ష, పొద్దున సూర్యుడితో సరిచూడటం మళ్లీ చేస్తాం, ఎంత జాగ్రత్తగా పెట్టినా సరే.

మ్యాపు రెండో కాపీలో మూలన ఈ వివరాలు చేర్చాం: కొలిచిన నెల, ఏ దిక్సూచితో కొలిచాం, కోణాలు అయస్కాంత ఉత్తరం నుంచి తీసుకున్నవని, నల్ల బండ దగ్గర కొలవొద్దని. ఒక కాపీ పల్లెలో ఉంచాం, ఒకటి శివరాత్రికి కొండెక్కే మా గుంపు సంచిలో ఉంది. పడమటి వాలు కొలిచాక అదే కాగితం మీద అతికిస్తాం.